‘వృథా’ నీరు – కొల్లేరు – మన రచయితలు

ఏటా వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే మన పత్రికలు ఒక వాక్యం అచ్చువేస్తాయి: ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి వృథాగా పోతున్నది. అధికారంలో ఉన్నవారు ఆ వాక్యాన్ని కొత్త ప్రాజెక్టు శంకుస్థాపనలో చదువుతారు. ప్రతిపక్షంలో ఉన్నవారు అదే వాక్యాన్ని ప్రభుత్వ వైఫల్యానికి రుజువుగా చదువుతారు. పార్టీలు మారినా వాక్యం మారదు. అభ్యుదయ రచయితలమనుకునే మనం కూడా దాన్ని పరీక్షకు పెట్టలేదు. కడలి పాలవుతున్న నీరు మన గేయాల్లో, నాటికల్లో, కథల్లో దుఃఖానికి సంకేతంగా స్థిరపడిపోయింది. ఒకవైపు బీడు, ఒకవైపు వృథా నీరు, మధ్యలో ఆనకట్ట కట్టే శ్రామికుడు. ఈ బొమ్మ మనకు ఎంత అలవాటైందంటే, అందులో ఎవరు లేరో అడగడం మానేశాం.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచింది ఒకటే. క్యూసెక్కు కొలత, టీఎంసీ కొలత, కానీ ‘వృథా’ తీర్పు. ఆ మాట అన్నప్పుడు, ఆ నీటిమీద ఇంకెవరికీ హక్కు లేదని ముందే తేల్చేస్తున్నాం. తీర్పు ఎవరు చెప్పారు, ఎవరి పరోక్షంలో చెప్పారు అన్నది రాజకీయ ప్రశ్న. ఆ తీర్పును కవితా భాషలోకి తెచ్చి సహజమైన విషయంగా కనిపించేట్టు చేయడంలో మన పాత్ర ఎంత అన్నది సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్న. భూమి గురించి, కూలి గురించి, కులం గురించి పాలకవర్గాల పదజాలాన్ని విప్పిచూసిన మన విమర్శ, నీటి గురించి మాత్రం ఇంజనీరింగు శాఖ పదజాలంతోనే సరిపెట్టుకున్నది.

1

ఈ మాటను పరీక్షించడానికి భీమడోలు పరిసరాలకంటే అనువైన చోటు నాకు కనిపించదు. ఏలూరుకు, తాడేపల్లిగూడేనికి మధ్య, పెద్దరోడ్డు మీద, రైలుమార్గం మీద ఉన్న ఊరు. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన గోదావరి ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం దాటి ఈ ఊరిమీదుగానే ఏలూరు పోతుంది. అక్కడ కృష్ణ కాలువను కలుస్తుంది. కాలువకు ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు మెట్ట: బోర్ల కింద పామాయిలు, కొబ్బరి, ఇతర తోటలు. దక్షిణాన పల్లం: సార్వా, దాళ్వా వరి. వరి దాటితే చేపల చెరువుల గట్లు. గట్లు దాటితే ఆగడాలలంక వంటి కొల్లేటి ఊళ్ళు. ఆ తర్వాత కొల్లేరు.

ఈ కొద్ది మైళ్ళలోనే నీటికి ఇంతమంది హక్కుదారులున్నారు. దాళ్వా చివరిలో వంతులవారీగా నీరు వదిలినప్పుడు శివారు రైతు లస్కరు కోసం ఎదురుచూస్తాడు. వేసవిలో కాలువలు కట్టేసేలోపు ఊళ్ళు తమ మంచినీటి చెరువులు నింపుకోవాలి. ఏలూరు పట్నానికి తాగునీరు కావాలి. చేపల చెరువుకు కొత్త నీరు కావాలి, పాత నీరు పోవడానికి డ్రెయినూ కావాలి. కొల్లేరుకు పైనుంచి నీరు రావాలి, కిందికి నీరు పోవాలి. మిగిలినవాళ్ళంతా ఎక్కడో ఒకచోట ఒక అర్జీ పెట్టుకోగలరు. చివర చెప్పిన కొల్లేరు అర్జీ పెట్టుకోలేదు. ఆ అర్జీ రాయడం సాహిత్యం పని అయి ఉండవలసింది.

డెల్టా నీటివ్యవస్థ మీద మన వైఖరి మొదటినుంచీ కృతజ్ఞతతో కూడుకున్నది. అందుకు కారణముంది. 1832–33 కరువులో తీరాంధ్రలో జనం ఎట్లా చచ్చిపోయారో తెలిసినవాళ్ళెవరూ ధవళేశ్వరం ఆనకట్టను తేలిగ్గా మాట్లాడరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం, దాని వెనకనే 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట, ఈ నేల ముఖాన్ని మార్చేశాయి. గోదావరి తీరాన స్నానసంకల్పంలో కాటన్ దొరను తలచుకునే పురోహితులు నేటికీ ఉన్నారు. కంపెనీ ప్రభుత్వం శిస్తు కోసమే ఇదంతా చేసిందని చెప్పి ఊరుకుంటే సరిపోదు. లక్షల మంది కడుపు నిండిందన్నదీ నిజమే, శిస్తు పెరిగిందన్నదీ నిజమే. కట్టడం వెనక కూలీలెవరన్న ప్రశ్నను శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ తెలుగు కవిత్వానికి నేర్పింది. ధవళేశ్వరం రాళ్ళు మోసినవాళ్ళ గురించి ఆ ప్రశ్న వేయడానికి మనకు ఇబ్బంది లేదు. అయితే నీరు పంచడం మొదలైన రోజున పంపకపు పద్దులో ఎవరి పేరు రాశారు, ఎవరి పేరు రాయలేదు అన్నది దానికి తర్వాతి ప్రశ్న. అక్కడ మనం ఆగిపోయాం.

2

కాలువ అంటే పంటనీరు మాత్రమే కాదని తెలుగు కథకు తెలియకపోలేదు. ఈ జిల్లావాడైన పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘పడవ ప్రయాణం’ అందుకు సాక్ష్యం. ఆ కథలో కాలువ ఒక రాత్రిపూట దారి. పద్దాలు, రంగి అన్న ఇద్దరు మనుషులు ఆ దారిమీద బతుకుతారు. వాళ్ళకు ఆ నీటికింద ఎకరం లేదు, శిస్తు లేదు, వంతు లేదు. అయినా కాలువ వాళ్ళది కూడా. ఆ కథను మన విమర్శకులు స్త్రీ పురుష సంబంధం దృష్ట్యా చాలాసార్లు చర్చించారు. అది న్యాయమే. భూమిలేనివాడికి నీటితో ఉండే సంబంధాన్ని చూపిన కథగా మాత్రం దాన్ని తగినంతగా చదవలేదని నా అభిప్రాయం.

ఆ పడవకు తర్వాత ఏమైందో ప్రభుత్వ పత్రాలే చెపుతాయి. 1987 జాతీయ జలవిధానం నీటి వాడకంలో ప్రాధాన్యాల వరస ఇచ్చింది: తాగునీరు, సేద్యం, జలవిద్యుత్తు, నౌకాయానం, పరిశ్రమలు. అంటే పడవ నాలుగోది. 2002 విధానంలో నాలుగో స్థానంలోకి జీవావరణం వచ్చింది, పడవ అట్టడుగుకు పోయింది. పక్షికి, చేపకు, నదికి నీటిపద్దులో ఒక వరస దొరకడానికి స్వతంత్రం వచ్చాక 55 ఏళ్ళు పట్టింది. అప్పటికీ అది సేద్యం, విద్యుత్తుల తర్వాతి వరసే. పై రెండూ మిగిల్చితేనే దానికి అందుతుంది. ఎవరూ మిగల్చరు.

రాష్ట్రాల మధ్య పంపకంలోనూ ఇదే తీరు. 1976లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2060 టీఎంసీలు లెక్కకట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 అని పంచింది. ఆ మూడు అంకెలను కూడితే సరిగ్గా 2060 వస్తుంది. కూడిక తప్పులేదు. నదీముఖానికి, మడ అడవికి, కొల్లేటికి ఆ కూడికలో ప్రత్యేకమైన అంకె లేదు. లెక్క అంత సరిగ్గా సరిపోవడమే అందులోని లోపం.

3

ఇక్కడ రాయలసీమ మిత్రులు నన్ను నిలదీస్తారు. నిలదీయాలి కూడా. ‘గోదావరి కాలువ ఒడ్డున నిలబడి సముద్రానికి పోయే నీటిని వెనకేసుకు రావడం తేలిక, మా ఊళ్ళో బిందెడు నీళ్ళకోసం మైళ్ళు నడిచినప్పుడు ఆ మాట అనండి’ అంటారు. ఈ ఆక్షేపణకు సమాధానం చెప్పకుండా ముందుకు పోవడం నిజాయితీ అనిపించుకోదు.

1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటి వాడకంలో రాయలసీమకు ప్రాధాన్యమివ్వాలని కోస్తా నాయకులు ఒప్పుకున్నారు. ఆ మాట నిలబడలేదన్న బాధ సీమ సాహిత్యంలో ఈనాటికీ ఉన్నది. సింగమనేని నారాయణ, కేతు విశ్వనాథరెడ్డి, బండి నారాయణస్వామి వంటివారి కథల్లో నీరు లేకపోవడం అన్నది వాతావరణ వర్ణన కాదు. అది అప్పు, వలస, ముఠాకక్ష, కుటుంబం విచ్ఛిన్నం కావడం. అట్లాంటి నేలమీద నిలబడి ‘సముద్రంలోకి పోతున్నదే’ అన్నవాడి నోట ఆ మాట దాహం. అది తనకు రావలసిన వాటాను అడగడం.

అదే మాట మూడు పంటలకు అలవాటుపడ్డ డెల్టా ఆసామి నోటినుంచో, మట్టిపని కాంట్రాక్టరు నోటినుంచో వచ్చినప్పుడు దాని అర్థం మారుతుంది. అక్కడ ‘వృథా’ అంటే ‘నాకు రాని నీరు’ అని అర్థం. ఒకే మాట రెండు వర్గాల నోట రెండు అర్థాలు పలుకుతున్నప్పుడు, ఎవరి నోట ఏ అర్థమో విడదీసి చూపడమే విమర్శకుడు చేయవలసిన పని. దాహం భాషను లాభం అరువు తెచ్చుకుంటుంది. సీమ రైతు బొమ్మను గోడమీద అంటించి, దాని చాటున ఇంకెవరికో నీరు మళ్ళించడం మన రాజకీయాల్లో కొత్త కాదు.

2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు పోలవరం కుడికాలువలో పడి, ఈ మెట్టమీదుగానే, కృష్ణకు చేరింది. కృష్ణ డెల్టాకు గోదావరి నీరిస్తే, ఆ మేరకు శ్రీశైలం దగ్గర కృష్ణ నీరు సీమకు మిగులుతుందని ప్రభుత్వం చెప్పిన తర్కం. తర్కంగా అందులో న్యాయముంది. డెల్టా తన వాడకాన్ని తగ్గించుకుని సీమకు నీరు వదలడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. పైనున్న నదినుంచి మరికొంత తెచ్చి కలపడమే పంపకమనుకున్నారు. ఉన్నవాడు తన వాటా తగ్గించుకోకుండా లేనివాడికి పంచే పద్ధతి ఇదొక్కటే. అందుకు ఎక్కడో ఒకచోట ‘వృథా’గా పోయే నీరు కావాలి. లేకపోతే కల్పించాలి.

4

ఇప్పుడు కొల్లేటికి వద్దాం. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితోపాటు రెండు డెల్టాల మురుగుకాలువలు ఇందులోకి వస్తాయి. పోవడానికి ఉన్న దారి ఒక్కటే: సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రంలో కలిసే ఉప్పుటేరు. వానాకాలంలో మీదినుంచి పడే వరదను కొల్లేరు తనలో పట్టి ఉంచుకుని, మెల్లగా వదులుతుంది. అది పట్టి ఉంచకపోతే ఆ నీరు పొలాలమీద, ఊళ్ళమీద నిలుస్తుంది. వేసవిలో ఉప్పుటేరుగుండా మంచినీరు కిందికి దిగుతున్నంతకాలం సముద్రపు ఉప్పునీరు పైకి ఎక్కదు. దిగే నీరు తగ్గితే ఉప్పు ఎగదన్నుతుంది. సముద్రానికి ‘వృథా’గా పోయే నీరు అక్కడ చేస్తున్న పని ఇది. ఉప్పును గడప బయట నిలబెట్టడం వృథా అయితే, ఇంటికి తలుపు కూడా వృథాయే.

కొల్లేటికోట గురించి ఈ ప్రాంతంలో చెప్పుకునే ఒక కథ ఉంది. కోటలో గజపతుల సైన్యం. ఒడ్డున చిగురుకోట దగ్గర శత్రుసైన్యం. చుట్టూ నీరున్నంతకాలం కోట భద్రం. నీరు సముద్రంలోకి దించేయడానికి ఉప్పుటేరు తవ్వే ప్రయత్నం జరిగిందట. ఆ పోరులో గెలుపుకోసం ఒరియా సేనాని తన కన్నకూతుర్ని బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందంటారు. దీన్ని మనం స్థలపురాణంగా వదిలేశాం. నాకు మాత్రం ఇది ఈ ప్రాంతపు నీటిరాజకీయానికి మొదటి కథగా కనిపిస్తుంది. నీటిమట్టం ఎంత ఉండాలన్నది సేనానుల మధ్య తగవు. మూల్యం చెల్లించింది ఆ తగవులో మాటలేని ఆడపిల్ల. తర్వాత ఆమెకు పూజ. కొల్లేటి చరిత్రలో ఈ కథ మళ్ళీ మళ్ళీ జరిగింది. సేనానుల పేర్లు మాత్రమే మారాయి.

‘చెరువు’ అన్న మాటకు పట్టిన గతి చూడండి. తెలుగువాడికి చెరువు అంటే వాననీటిని నిలబెట్టి పొలానికి, పశువుకు, ఊరికి ఇచ్చేది. చెరువు తెగితే ఊరంతా పలుగూ పారా పట్టుకుపోయేది. కొల్లేటిలో 1970ల నుంచి ఆ మాట అర్థం తిరగబడింది. అక్కడ చెరువంటే సరస్సు మధ్య చుట్టూ గట్టుపోసి, లోపలి నీరు ఒకరిదిగా, బయటి నీరు ఎవరిదీ కానిదిగా చేసేది. చెరువులు పెరిగినకొద్దీ కొల్లేరు తగ్గిపోయింది. నీటి గుండా నీటికి దారి లేకుండా పోయింది. కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల దొరికే చోట బొచ్చె, శీలావతి లారీలకెక్కాయి. దీనికి ‘నీలివిప్లవం’ అని పేరుపెట్టారు. విప్లవం అన్న మాట ఇట్లా వాడుతుంటే రచయితల సంఘాలకు కోపం రావలసింది.

అయితే ఇక్కడ జాగ్రత్త కావాలి. ఆ చెరువులు మొదట పేద మత్స్యకారుల సహకారసంఘాల పేరుమీద, ప్రభుత్వ ప్రోత్సాహంతోనే మొదలైనాయి. సంఘానికి భూమి వచ్చింది గాని పెట్టుబడి రాలేదు. పెట్టుబడి ఉన్నవాడు లీజుకు వచ్చాడు. సంఘసభ్యుడు తన చెరువు మీదే కావలివాడయ్యాడు, మేతలు చల్లే కూలీ అయ్యాడు. కాగితం మీద సమష్టి, గట్టుమీద ప్రైవేటు. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లను, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లు పేల్చారు, తవ్వి పడేశారు.

ఆ గట్లు తెగడం అవసరమే. కొల్లేటికి ఊపిరి ఆడాలంటే వేరే దారి లేదు. తెగినరోజున ఎవరికి ఏమైందన్నది చూడకపోతే మాత్రం మనం అభ్యుదయవాదులం కాము. లీజుదారుకు వేరేచోట చెరువులున్నాయి, వ్యాపారాలున్నాయి. కావలివాడికి ఆ గట్టు తప్ప ఏమీ లేదు. దాంతో చర్చ ‘పక్షులా, మనుషులా’ అన్న ప్రశ్నగా మారింది. ఈ ప్రశ్న పైకి మానవతగా కనిపిస్తుంది. దీన్ని అడుగుతున్నవాళ్ళలో కావలివాడు ఎంతమంది, లీజుదారు ఎంతమంది అని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పేదవాడిని ముందు నిలబెట్టి పెట్టుబడి తన గట్టును కాపాడుకుంటున్నది. అటువైపు, పక్షిని ముందు నిలబెట్టి పేదవాడి పునరావాసం మాట ఎత్తకుండా తప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. మన సాహిత్యం ఈ రెండు ముసుగులూ తీయాలి.

తర్వాత అయిదో కాంటూరును మూడుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. మూడో కాంటూరు అంటే సుమారు 135 చదరపు కిలోమీటర్లు. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో అందుకు సుముఖత చూపలేదు. నేలమీద కాంటూరు కనిపించదు. అది పటంలో గీత. ఇటు కొల్లేటి దగ్గర అయిదడుగుల గీత, అటు పోలవరం దగ్గర 150 అడుగుల గీత. రెండూ కలిసి ఒక ప్రాంతపు రెండు చివర్ల బతుకులను నిర్ణయిస్తున్నాయి. పోలవరంలో గీత లోపలున్న కోయ, కొండరెడ్డి కుటుంబాలు నీటికోసం లేచిపోవాలి. వాళ్ళను లేపడానికి అడ్డురాని మానవత, కొల్లేటిలో చెరువు గట్టు తీయబోయేసరికి ఒక్కసారిగా మేలుకుంటుంది. ఈ రెండు గీతలనూ ఒకే కథలో చూడగల రచయిత మనకు ఇంకా రావలసి ఉంది.

5

పట్నం సంగతి కూడా ఇందులో భాగమే. పట్నం నీటిని తీసుకుంటుంది. తీసుకున్నది ఏ రూపంలో తిరిగి ఇస్తుందో మన కథల్లో కనిపించదు. విజయవాడ మురుగు బుడమేరుగుండా, ఏలూరు మురుగు తమ్మిలేరు, కాలువలగుండా కొల్లేటికే చేరుతుంది. బుడమేరు దారిని ఇళ్ళతో, వెంచర్లతో కుదించుకుంటూ వచ్చారు. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ ఏరు తన దారి తాను వెతుక్కుని విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతాన్ని రోజుల తరబడి నీటిలో ఉంచింది. మునిగింది ఎక్కువగా కూలినాలి చేసుకునేవాళ్ళ ఇళ్ళు. ఆ నీరు చివరకు కొల్లేటికి, అక్కడినుంచి ఉప్పుటేరుకు పోవాలి. పోయే దారి ఇరుకైతే పై నీరు ఆలస్యంగా దిగుతుంది. విజయవాడ వరద ఒక కథ, కొల్లేటి చెరువులు ఇంకో కథ అని పత్రికలు విడివిడిగా రాయవచ్చు. నీరు మాత్రం వాటిని ఒకే కథగా రాసింది.

1977 నవంబరు 19 ఉప్పెన మీద నగ్నముని ‘కొయ్యగుర్రం’ రాసినప్పుడు, దివిసీమ మరణాలను విధిగా చూడడానికి ఒప్పుకోలేదు. పాలనను బోనెక్కించారు. ప్రకృతి వైపరీత్యం అన్న మాటను కవి విప్పిచూపిన సందర్భమది. ‘వైపరీత్యం’ అన్న మాటకు అప్పుడు జరిగిన పరీక్షే ‘వృథా’ అన్న మాటకు ఇప్పుడు జరగాలంటున్నాను.

కొల్లేటిని ఇతివృత్తంగా తీసుకుని ఆ పని మొదలుపెట్టిన నవల అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ (2014). వసంత కన్నబిరాన్ ఇంగ్లీషులోకి చేయగా 2020లో అది వెలువడింది. కొల్లేటి ఊరివాడు రాసిన నవల కావడం దాని బలం. అందులో సరస్సు నేపథ్యం కాదు. అది మనుషుల పనిని, తిండిని, పొత్తును నిర్ణయించే శక్తి. పతనం బయటినుంచి వచ్చిన దుర్మార్గుడి వల్ల మాత్రమే వచ్చిందనకుండా, బాగుపడతామన్న ఆశగుండా ఊరిలోపలికి ఎట్లా ప్రవేశించిందో చూడడం దాని వాస్తవికత. ఈ నవలను విశ్వవిద్యాలయాల్లో ‘పర్యావరణ నవల’ అన్న గదిలో పెట్టి తాళం వేయడం నాకు సమ్మతం కాదు. ఇది ఉత్పత్తి సంబంధాల నవల.

అయినా జ్ఞాపకం మీద నడిచే ఏ రచనకైనా ఒక ప్రమాదముంటుంది. పోయిన కొల్లేరు ఎంత అందంగా కనిపిస్తే, దానిలోని పాత అన్యాయాలు అంత మసకబారుతాయి. చెరువులు రాకముందు కొల్లేరు అందరికీ సమానంగా ఉండేదనలేం. పట్టా ఉన్న కులమూ వల ఉన్న కులమూ ఒకటి కావు. వరదకు కొట్టుకుపోయిన పైరు నష్టం ఆసామిది, దాని ఆకలి కూలీది. ఆ కొల్లేటిని తిరిగి తేవడమే కర్తవ్యమంటే, దాని నిచ్చెనమెట్లను కూడా తిరిగి తెచ్చినట్టవుతుంది. తర్వాత రాసేవాళ్ళు నవల ఆగినచోటినుంచి బయలుదేరాలి. చెరువు కావలివాడి, రొయ్య వలిచే ఆడకూలీ, శివారు కౌలురైతు కళ్ళతో ఈ నీటిని చూడాలి.

ఇంకొక లోటు కూడా చెప్పాలి. కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల పెద్ద గూళ్ళస్థావరాన్ని 1946లో గుర్తించి పక్షిశాస్త్రలోకానికి చెప్పినవాడు కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ. వృత్తికి ఇంగ్లీషు అధ్యాపకుడు. ‘ఇందుచూడన్’ అన్న కలంపేరుతో 1958లో కేరళ పక్షుల మీద ఆయన తెచ్చిన పుస్తకాన్ని మలయాళీలు సాహిత్యంగా కూడా చదువుకున్నారు. మన ఊళ్ళలో గూడుకట్టిన పక్షిని చూసినవాడు తన భాషలో వచనానికి కొత్త వస్తువునిచ్చాడు. మన వచనంలో మాత్రం గూడబాతు, నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ళ కొంగ అన్నీ కలిసి ‘ఏవో పక్షులు’గా ఎగిరిపోతాయి. కిక్కిస, తూడు, గుర్రపుడెక్క అన్నీ ‘పిచ్చిమొక్కలు’. పేరులేనిదానికి పద్దులో వాటా ఉండదు. ఆటపాకలో ఇప్పుడు అటవీశాఖవాళ్ళు వేసిన ఇనుప మంచెలమీద గూడబాతులు గూళ్ళు పెడుతున్నాయి. వాటికి మంచె వేయడం శాఖ పని, మాట ఇవ్వడం మన పని. కొల్లేటి పేరు మన భాషలో అందరి నోటా మిగిలింది ‘కొల్లేటి చాంతాడు’ అన్న జాతీయంలోనే. అంతులేని జాబితాకు ఆ పేరు వాడుకునే భాషలో, ఆ సరస్సు జీవులకు జాబితా లేకపోవడం సిగ్గుచేటు.

6

రచయితలు హైడ్రాలజీ నేర్చుకోవాలనడం నా ఉద్దేశం కాదు. కూలిరేటు తెలియకుండా కూలి కథ రాయకూడదని మనం కొత్త రచయితలకు చెపుతుంటాం. అదే న్యాయం నీటికీ వర్తిస్తుంది. కథలో కాలువ వస్తే అది ఏ తూమునుంచి వచ్చింది, ఏ మురుగులోకి పోతుంది, మధ్యలో ఎవరి పొలం ముందు తడుస్తుంది, ఎవరిది ఎండుతుంది అన్నది రచయితకు తెలియాలి. తెలిస్తే పాత్రలు వాటంతట అవే మారతాయి. లస్కరు పాత్ర లేకుండా డెల్టా నవల రాయడం, కరణం లేకుండా పాత పల్లె నవల రాయడం వంటిది. మనకు ఎన్ని నవలల్లో లస్కరు ఉన్నాడో లెక్కపెట్టుకోండి.

విమర్శకులకు కూడా ఒక పని ఉంది. నీటిమీద వచ్చిన ప్రతి రచనలోనూ ‘మిగులు’, ‘వృథా’, ‘కొరత’ అన్న మాటలు ఎవరి పక్షాన వాడారో అడగాలి. సీమ కథలో అది దాహమైతే దాహమని చెప్పాలి. డెల్టా కథలో అది లాభమైతే లాభమని చెప్పాలి. సీమకు నీరు, పట్నం పేదకు కుళాయి, శివారుకు వంతు, కొల్లేటికి ప్రవాహం – ఇవి ఒకదానితో ఒకటి పోట్లాడుకోవలసిన కోరికలని పాలకులు చెపుతారు. వీటన్నిటికీ పైన, మోతాదుకు మించి తీసుకునే వాడకం ఒకటి ఉన్నది. దాన్ని వేలెత్తి చూపకుండా కిందివాళ్ళ మధ్య తగవు పెట్టడం పాత ఎత్తుగడ. ఆ తగవులో ఒకవైపు చేరి గేయాలు రాయడం ఇక చాలు.

రాబోయే వానాకాలంలోనూ ఆ వాక్యం పత్రికల్లో వస్తుంది. ఇన్ని లక్షల క్యూసెక్కులు, వృథా, సముద్రం. అది చదివిన విద్యార్థి ఒక్కడైనా భీమడోలు దగ్గర కాలువ దాటి, వరిపొలాలు దాటి, చెరువు గట్లు దాటి, ఉప్పుటేరు వెంట ఆ నీరు పోయినంత దూరం పోయి చూడాలి. దారిలో ఎవరెవరు దానిమీద ఆధారపడి ఉన్నారో పేరుపేరునా రాసుకు రావాలి. ఆ జాబితా మన పత్రికకు పంపితే అచ్చువేయమని నేను సంపాదకవర్గాన్ని కోరతాను. కథగా వస్తే ఇంకా మంచిది.